కెర్నల్ మాడ్యూల్‌కీ యూజర్ ప్రోగ్రామ్‌కీ మధ్య మాటలు: ఏ దారి ఎప్పుడు పట్టాలి

లినక్స్‌లో మాడ్యూల్ (కెర్నల్ లోపల నడిచే కోడ్ ముక్క) రాశారు, లోడ్ అయింది, డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్ చూపించే కమాండ్) మీ ప్రింట్‌కే లైన్ కూడా కనపడింది, సంతోషం. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. బయట నడిచే మామూలు ప్రోగ్రామ్ ఈ మాడ్యూల్‌కి ఆర్డర్ ఎలా ఇవ్వాలి, హార్డ్‌వేర్ కార్డు నుంచి ఇంటరప్ట్ (ఏదో జరిగిందని సీపీయూకి చెప్పే సంకేతం) వస్తే ఆ కబురు ప్రోగ్రామ్‌కి ఎలా చేరాలి? వెతికితే ప్రాక్ ఫైల్ అంటారు, సిస్‌ఎఫ్‌ఎస్ అంటారు, ఐఓసీటీఎల్ అంటారు, నెట్‌లింక్ అంటారు, ఎంమ్యాప్ అంటారు, ఎవరు ఏది వాడితే వాళ్ళకి అదే గొప్ప, కొత్తగా వచ్చినవాళ్ళేమో ఏ ఉదాహరణ ముందు కంపైల్ అయితే దాన్నే పట్టుకుని ప్రాజెక్ట్ మొత్తం దాని మీద కట్టేస్తారు. నేనూ ఒకసారి అలాగే చేశాను, దాని ఫలితం ఏమైందో కింద చెప్తా.

స్పీడ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు "మాట మొదలుపెట్టేది ఎవరు" అన్నది తేల్చుకోండి. ఎప్పుడూ ప్రోగ్రామే అడుగుతుంది, మాడ్యూల్ జవాబు చెప్తుంది అంటే ఒక దారి. మాడ్యూల్ దగ్గర ఏదో జరిగింది, అది వెళ్ళి ప్రోగ్రామ్‌ని లేపాలి అంటే ఇంకో దారి. మాడ్యూలే ప్రోగ్రామ్‌ని ఏదో అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి అంటే అది మూడోది, అన్నిటికంటే కష్టమైనది. దీంతోపాటు ఇంకో రెండు అడగండి: వినేవాళ్ళు ఎంతమంది? ఒక్క మెసేజ్ దారిలో పోతే కొంప మునుగుతుందా, లేక తర్వాతది వస్తుంది కదా అని వదిలేయొచ్చా? ఈ మూడింటికి జవాబు కాగితం మీద రాసుకుంటే సగం ఆప్షన్లు వాటంతట అవే పక్కకి పోతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. అసలు మాడ్యూల్ అవసరమా అని కూడా చూసుకోండి. ఒక జీపీఐఓ పిన్ (బోర్డు మీద సిగ్నల్ చదవడానికి, పంపడానికి ఉండే పిన్) మీద పల్స్‌లు చదవడమే పని అయితే జీపీఐఓ క్యారెక్టర్ డివైస్ ఉంది, యూజర్ ప్రోగ్రామ్ నుంచే ఈవెంట్లు చదువుకోవచ్చు. కెర్నల్లో ఏం జరుగుతుందో గమనించడమే పని అయితే బీపీఎఫ్ ప్రోగ్రామ్ (కెర్నల్ ముందే చెక్ చేసి తన లోపల నడిపే చిన్న ప్రోగ్రామ్) రాసి దాని రింగ్ బఫర్ నుంచి చదువుకోవచ్చు, 5.8 వెర్షన్ నుంచి అది ఉంది. మీ మాడ్యూల్‌లో తప్పు జరిగితే మెషిన్ మొత్తం పడిపోతుంది, బీపీఎఫ్‌లో అయితే వెరిఫయర్ చాలా తప్పుల్ని లోడ్ అవ్వకముందే పట్టుకుంటుంది, ఆ తేడా చిన్నది కాదు.

ఒక విలువ చూపించాలి, ఒక సెట్టింగ్ మార్చాలి, అంతే అయితే

సిస్‌ఎఫ్‌ఎస్ (స్లాష్ సిస్ కింద కనపడే ఫైళ్ళు) వాడండి. ఒక ఫైల్‌కి ఒకే విలువ, టెక్స్ట్ రూపంలో, క్యాట్ కొడితే కనపడాలి, ఎకో కొడితే మారాలి. మీకు ఇచ్చే బఫర్ ఒక్క పేజీ, అంటే మామూలుగా 4096 బైట్లు. అందులో టేబుల్ గీయాలని, హెడింగులు పెట్టాలని చూడకండి, రేపు ఇంకో కాలమ్ కలిపితే దాన్ని పార్స్ చేసే స్క్రిప్టులన్నీ విరుగుతాయి. స్ప్రింట్ఎఫ్ బదులు సిస్‌ఎఫ్‌ఎస్ ఎమిట్ వాడండి, అది 5.10లో వచ్చింది, పేజీ దాటి రాయకుండా అదే చూసుకుంటుంది. ఇంకోటి, ఆట్రిబ్యూట్లని డివైస్ రిజిస్టర్ అయ్యాక ఒక్కొక్కటిగా కలపకండి, ఆట్రిబ్యూట్ గ్రూప్‌గా ముందే ఇచ్చేయండి. ఎందుకంటే రిజిస్టర్ అవ్వగానే యూఈవెంట్ (కొత్త డివైస్ వచ్చిందని కెర్నల్ పంపే కబురు) వెళ్ళిపోతుంది, యూడెవ్ (ఆ కబురు విని రూల్స్ నడిపే ప్రోగ్రామ్) పరిగెత్తుకుని వచ్చి చూసేసరికి మీ ఫైల్ ఇంకా పుట్టి ఉండదు, రూల్ పనిచేయదు, పదిసార్లలో ఒకసారి మాత్రమే ఇలా అవుతుంది కాబట్టి కారణం పట్టుకోడానికి వారం పడుతుంది.

ప్రాక్ ఫైల్ మీద పాత ట్యుటోరియల్స్ కోకొల్లలు, అందుకే అందరూ అక్కడే మొదలుపెడతారు. కానీ ప్రాక్ అసలు ఉన్నది ప్రాసెస్‌ల సమాచారం కోసం, కొత్త డ్రైవర్లు అక్కడ ఫైళ్ళు పెట్టడం కెర్నల్ వాళ్ళకి ఇష్టం ఉండదు. పైగా 5.6 నుంచి ఫైల్ ఆపరేషన్స్ స్ట్రక్ట్ బదులు ప్రాక్ ఆప్స్ అనే వేరే స్ట్రక్ట్ ఇవ్వాలి, అందుకే ఆ పాత కోడ్ కాపీ కొడితే కంపైల్ అవ్వదు. నేర్చుకోడానికి పర్లేదు, అప్పుడు కూడా సీక్ ఫైల్ (రీడ్ పనిని చూసుకునే, కెర్నల్లో రెడీగా ఉన్న కోడ్) వాడండి, సొంతంగా రీడ్ ఫంక్షన్ రాసి చివర్లో సున్నా రిటర్న్ చేయడం మర్చిపోతే క్యాట్ ఆగకుండా అదే లైన్ కొడుతూ ఉంటుంది.

డీబగ్‌ఎఫ్‌ఎస్ మీకోసం మీరు పెట్టుకునేది, అంతే. రూల్స్ ఏమీ లేవు, ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు, రేపు మార్చుకోవచ్చు. కానీ మీ ప్రోడక్ట్ ప్రోగ్రామ్ దాని మీద ఆధారపడకూడదు, సెక్యూర్ బూట్‌తో లాక్‌డౌన్ (రూట్ యూజర్ కూడా కెర్నల్‌ని మార్చకుండా ఆపే మోడ్) ఆన్ చేసిన మెషిన్లలో ఆ ఫైళ్ళు చాలావరకు తెరవనివ్వవు.

ఆర్డర్ ఇచ్చి జవాబు తీసుకోవాలంటే

ఇక్కడ ఐఓసీటీఎల్‌ని (డివైస్ ఫైల్ మీద కమాండ్ పంపే సిస్టమ్ కాల్) మించింది లేదని నా అభిప్రాయం, దాన్ని ఎంతమంది తిట్టినా సరే. మిస్క్ రిజిస్టర్ (misc_register) అని ఒక ఫంక్షన్ ఉంది, నాలుగు లైన్లతో స్లాష్ డెవ్ కింద మీ డివైస్ ఫైల్ వచ్చేస్తుంది. ప్రోగ్రామ్ దాన్ని ఓపెన్ చేసి, కమాండ్ నంబర్, స్ట్రక్ట్ అడ్రస్ ఇస్తుంది, మీరు కాపీ ఫ్రమ్ యూజర్‌తో లోపలికి తెచ్చుకుని, పని చేసి, కాపీ టు యూజర్‌తో తిరిగిస్తారు. ఫంక్షన్ కాల్ చేసినట్టే ఉంటుంది. తప్పు జరిగితే ఎర్రర్ నంబర్ అక్కడికక్కడే వస్తుంది. మెసేజ్ దారిలో పోవడం అనే ప్రశ్నే లేదు.

దీన్ని తిట్టడానికి కారణం చాలామంది స్ట్రక్ట్‌ని జాగ్రత్తగా రాయకపోవడం. కమాండ్ నంబర్ 32 బిట్లు, అందులో 8 మీ డ్రైవర్ గుర్తు, 8 కమాండ్ వరుస నంబర్, 14 స్ట్రక్ట్ సైజు, 2 ఏ వైపు వెళ్తుందో చెప్పేవి, ఎక్స్86, ఆర్మ్ మీద ఇంతే. సైజు నంబర్లోనే ఉంది కాబట్టి స్ట్రక్ట్ సైజు మారితే నంబర్ కూడా మారిపోతుంది, దీన్ని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఒక 32 బిట్ల ఫీల్డ్, దాని తర్వాత ఒక 64 బిట్ల ఫీల్డ్ పెట్టారనుకోండి, 64 బిట్ ఇంటెల్ మెషిన్ మీద ఆ స్ట్రక్ట్ 16 బైట్లు, 32 బిట్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌లో 12 బైట్లే. పాత 32 బిట్ ప్రోగ్రామ్ 64 బిట్ కెర్నల్ మీద నడిపితే నంబరే కలవదు, ఈనాట్‌టీటీవై అని ఎర్రర్ వస్తుంది, టెర్మినల్‌తో సంబంధం లేకుండా ఈ టీటీవై గోల ఏంటా అని బుర్ర పట్టుకుంటారు. తెలియని కమాండ్‌కి ఇవ్వాల్సిన ఎర్రర్ అదే, పేరు పాతకాలం నుంచి వచ్చింది, అంతే. కాబట్టి ఫీల్డులన్నీ సైజు తెలిసిన టైపులతోనే రాయండి, ఖాళీ పడే చోట ప్యాడింగ్ ఫీల్డ్ మీరే పెట్టండి, పాయింటర్ పంపాల్సి వస్తే 64 బిట్ల నంబర్‌గా పంపండి. ఇలా చేస్తే 32, 64 గొడవ దాదాపు ఉండదు.

ఇంకో రెండు తప్పనిసరి. తిరిగి ఇచ్చే స్ట్రక్ట్‌ని ముందు సున్నాలతో నింపండి, లేకపోతే కెర్నల్ స్టాక్‌లో ఉన్న పాత డేటా ఆ ఖాళీల గుండా బయటికి పోతుంది, అది సెక్యూరిటీ బగ్. రేపటి కోసం రిజర్వ్‌డ్ ఫీల్డులు పెడితే, అవి సున్నా కాకపోతే ఈరోజే ఎర్రర్ ఇవ్వండి. ఈరోజు చెక్ చేయకపోతే ఎవరో ఒకరు చెత్త విలువతో పంపుతారు, రేపు ఆ ఫీల్డ్‌కి అర్థం ఇవ్వగానే వాళ్ళ ప్రోగ్రామ్ విరుగుతుంది.

కెర్నల్ వైపు నుంచి కబురు రావాలంటే

ఇక్కడే నేను దెబ్బ తిన్నది. ఒక డేటా కార్డు, దాని ఇంటరప్ట్ వచ్చినప్పుడల్లా చిన్న రికార్డ్ ఒకటి, 40 బైట్లో ఎంతో, పైన ఉన్న డెమన్‌కి (వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) వెళ్ళాలి, ఆ డెమన్ డిస్క్ మీద రాస్తుంది. వినేది ఒక్కరే. రికార్డ్ పోకూడదు. నేను నెట్‌లింక్ (సాకెట్ ద్వారా కెర్నల్‌తో మాట్లాడే పద్ధతి) తీసుకున్నా, ఎందుకంటే "కెర్నల్ నుంచి యూజర్‌కి మెసేజ్" అని వెతికితే ముందు అదే దొరుకుతుంది, ఉదాహరణ కూడా వెంటనే పనిచేసింది. టేబుల్ మీద రోజంతా టెస్ట్ చేస్తే ఒక్కటి కూడా పోలేదు. సైట్‌లో పెట్టాక రాత్రిపూట లెక్కల్లో రికార్డులు తగ్గుతున్నాయి. చూస్తే, డెమన్ డిస్క్ మీద సింక్ చేస్తున్నప్పుడు కొన్ని సెకన్లు ఆగిపోతోంది, ఆలోపు సాకెట్ రిసీవ్ బఫర్ నిండిపోతోంది, ఆ బఫర్ డిఫాల్ట్‌గా చాలా మెషిన్ల మీద 212992 బైట్లు, 40 బైట్ల మెసేజ్‌లు వేలల్లో పడతాయి కదా అనుకున్నా గానీ లెక్కలోకి వచ్చేది 40 బైట్లు కాదు, దాన్ని మోసే ఎస్‌కేబీ (కెర్నల్ సాకెట్ బఫర్) మొత్తం సైజు. నిండిపోయాక వచ్చేవన్నీ కెర్నల్ పారేస్తుంది. ప్రోగ్రామ్‌కి రిసీవ్ కాల్‌లో ఈనోబఫ్స్ అని ఒకసారి చెప్తుంది, నా కోడ్ ఆ ఎర్రర్‌ని లాగ్ చేసి ముందుకి వెళ్ళిపోతోంది. ఎన్ని పోయాయో ఆ ఎర్రర్ చెప్పదు. బఫర్ పెంచొచ్చు, పెంచాను కూడా, కానీ దాంతో నిండిపోయే క్షణం కాస్త వెనక్కి జరిగింది, అంతే.

చివరికి మొత్తం తీసేసి మామూలు క్యారెక్టర్ డివైస్ రాశా. ఇంటరప్ట్ హ్యాండ్లర్ కేఫిఫోలో (కెర్నల్ ఇచ్చే క్యూ) రికార్డ్ వేస్తుంది, వెయిట్ క్యూలో ఎదురుచూసేవాళ్ళని లేపుతుంది, డెమన్ ఈపోల్‌లో (డేటా వచ్చేదాకా నిద్రపోయే సిస్టమ్ కాల్) కూర్చుని లేవగానే రీడ్ చేస్తుంది, ఒక్క రీడ్‌లో వంద రికార్డులు తెచ్చుకోవచ్చు. ఫిఫో ఎంత పెద్దదో నా చేతిలో ఉంది, కేఫిఫో సైజు 2 యొక్క ఘాతంగానే (2, 4, 8, 16 లాగా) ఉండాలి, 65536 రికార్డులు పెట్టా. రాసేది ఒక్కరు, చదివేది ఒక్కరు అయితే దానికి లాక్ కూడా అక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి రికార్డ్‌లో వరుస నంబర్ పెట్టా, ఫిఫో నిండినా సరే నంబర్ పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి మధ్యలో ఖాళీ కనపడితే ఎన్ని పోయాయో డెమన్‌కి ఖచ్చితంగా తెలుస్తుంది. కోడ్ కూడా నెట్‌లింక్ దానికంటే తక్కువే అయింది.

కీబోర్డ్, మౌస్ ఈవెంట్లు పైకి వచ్చేది కూడా ఇలాగే. డివైస్ ఫైల్ ఓపెన్ చేసిన ప్రతి ప్రోగ్రామ్‌కి ఈవీడెవ్ (ఆ ఈవెంట్లు పైకి పంపే కెర్నల్ భాగం) వేరే బఫర్ ఇస్తుంది, ఎవరైనా నెమ్మదిగా చదివి వాళ్ళ బఫర్ నిండితే సిన్ డ్రాప్‌డ్ అనే ప్రత్యేక ఈవెంట్ వేస్తుంది, అంటే "నీకు కొన్ని అందలేదు, ఇప్పటి స్థితి మళ్ళీ అడిగి తెలుసుకో" అని. వినేవాళ్ళు నలుగురైదుగురు ఉంటే ఈ పద్ధతి కాపీ కొట్టండి, చాలా బాగా ఆలోచించి పెట్టారు.

మరి నెట్‌లింక్ ఎప్పుడు? వినేవాళ్ళు ఎవరో, ఎంతమందో మీకు ముందు తెలియనప్పుడు. రేడియో లాగా ప్రసారం చేయాలి, కావాల్సినవాళ్ళు ట్యూన్ చేసుకుంటారు అన్నప్పుడు దీనికి సాటి లేదు. టెర్మినల్‌లో ఐపీ మానిటర్ అని కొట్టి, కేబుల్ పీకి మళ్ళీ పెట్టండి, ఇంటర్‌ఫేస్ పడటం లేవడం లైవ్‌లో కనపడుతుంది, అదే సమయంలో నెట్‌వర్క్ మేనేజర్ కూడా అదే కబురు వింటోంది. పాత ఇఫ్‌కాన్ఫిగ్ ఐఓసీటీఎల్‌తో నడుస్తుంది, అది అడిగితేనే చెప్తుంది. నెట్‌వర్క్ వైపు మొత్తం మెల్లగా ఇటే వచ్చేసింది, వైఫై వాళ్ళు ఎన్ఎల్80211కి వచ్చారు, ఈత్‌టూల్‌కి కూడా 5.6 నుంచి నెట్‌లింక్ దారి వచ్చింది. రెండో లాభం, మెసేజ్‌లో ప్రతి ఫీల్డ్‌కీ టైపు, పొడవు ఉంటాయి కాబట్టి రేపు కొత్త ఫీల్డ్ కలిపితే పాత ప్రోగ్రామ్ దాన్ని దాటేసి వెళ్తుంది, ఐఓసీటీఎల్ స్ట్రక్ట్ లాగా విరగదు. మీ మాడ్యూల్ నెట్‌వర్క్‌కి సంబంధించినది అయితే ఇంక ఆలోచించకండి, ఇదే.

కానీ ట్యుటోరియల్స్‌లో కనపడే ఆ 31 నంబర్ మాత్రం వాడకండి. నెట్‌లింక్ ఫ్యామిలీ నంబర్లు మొత్తం 32, సున్నా నుంచి 31, చాలామంది చివరిది ఖాళీగా ఉంది కదా అని తీసేసుకుంటారు, ఇద్దరు అలా తీసుకున్న మాడ్యూల్స్ ఒకే మెషిన్ మీద లోడ్ చేస్తే రెండోది ఫెయిల్. దీని కోసమే జెనరిక్ నెట్‌లింక్ ఉంది, మీరు పేరు ఇస్తే కెర్నల్ నంబర్ ఇస్తుంది, ప్రోగ్రామ్ ఆ పేరుతో అడిగి నంబర్ తెలుసుకుంటుంది. మామూలు యూజర్లు పిలవకూడని కమాండ్‌కి అడ్మిన్ పర్మిషన్ ఫ్లాగ్ పెడితే చాలు, చెక్ చేసే కోడ్ మీరు రాయక్కర్లేదు. ఇంకో పొరపాటు చాలా చోట్ల చూశా: నెట్‌లింక్ యూనికాస్ట్ ఫెయిల్ అయితే ఎస్‌కేబీని మళ్ళీ ఫ్రీ చేయడం. పంపడం కుదిరినా కుదరకపోయినా దాన్ని ఆ ఫంక్షనే తీసేసుకుంటుంది, మీరు మళ్ళీ ఫ్రీ చేస్తే మెమరీ పాడై, మెషిన్ ఎక్కడో సంబంధం లేని చోట పడిపోతుంది.

కెర్నలే అడిగి ఆగాల్సి వస్తే

ఫైల్ ఓపెన్ అవుతోంది, దాన్ని అనుమతించాలా వద్దా అని పైన ఉన్న ప్రోగ్రామ్‌ని అడగాలి, ఇలాంటివి. వీలైతే ఈ డిజైన్‌కే వెళ్ళకండి. ఆ ప్రోగ్రామ్ చచ్చిపోతే లోపల ఎదురుచూస్తున్న ప్రాసెస్‌ల గతి ఏంటి? ఆ ప్రోగ్రామే అదే ఫైల్ ఓపెన్ చేస్తే తన ప్రశ్నకి తనే జవాబు చెప్పాలి, ఎవరూ కదలరు. తప్పదు అంటే ఫ్యూజ్ (ఫైల్ సిస్టమ్‌ని యూజర్ ప్రోగ్రామ్‌గా రాయనిచ్చే ఏర్పాటు) ఎలా చేస్తుందో చదవండి: డెమన్ స్లాష్ డెవ్ స్లాష్ ఫ్యూజ్‌ని రీడ్ చేస్తే ప్రశ్న వస్తుంది, రైట్ చేస్తే జవాబు వెళ్తుంది, ప్రతి ప్రశ్నకీ ఒక ప్రత్యేక నంబర్, జవాబులో అదే నంబర్ ఉండాలి, కాబట్టి జవాబులు వరుస తప్పి వచ్చినా పర్లేదు. డెమన్ పోయి ఆ ఫైల్ మూసుకోగానే ఆగి ఉన్న ప్రశ్నలన్నిటికీ ఎర్రర్‌తో జవాబు చెప్పేసి అందరినీ వదిలేస్తుంది. మీరు రాసేదాంట్లో ఈ వదిలేసే కోడ్ ముందు రాయండి, మిగతాది తర్వాత. ఎదురుచూసేటప్పుడు కనీసం కిల్ చేస్తే లేచేలా పెట్టండి.

ఎంమ్యాప్, ఈవెంట్‌ఎఫ్‌డీ

కాపీలు లేకుండా ఒకే మెమరీని రెండు వైపులా చూడటం, వినడానికి ఎంతో బాగుంటుంది. కెమెరా ఫ్రేములు, నెట్‌వర్క్ ప్యాకెట్లు, సెకనుకి వందల మెగాబైట్లు పోయేవాటికి ఇదే దారి. చిన్న మెసేజ్‌ల కోసం మాత్రం వద్దు, 40 బైట్లు కాపీ చేసే ఖర్చు అసలు సిస్టమ్ కాల్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు, వంద రికార్డులు ఒకే రీడ్‌లో తెచ్చుకుంటే ఆ సిస్టమ్ కాల్ ఖర్చు కూడా పంచుకుపోతుంది. ఎంమ్యాప్‌లో రింగ్ పెడితే మెమరీ బ్యారియర్లు (మెమరీ రాతల, చదవడాల వరుస తప్పకుండా కాపాడేవి) మీ నెత్తిన పడతాయి, ఇంటెల్ మీద పనిచేసింది ఆర్మ్ మీద అప్పుడప్పుడు పాత డేటా చూపిస్తుంది, రింగ్ హెడ్ స్థానం రాసేటప్పుడు స్టోర్ రిలీజ్, చదివేటప్పుడు లోడ్ అక్వైర్ పెట్టాల్సిందే. ఆ మెమరీలో ప్రోగ్రామ్ ఏ క్షణంలో ఏదైనా రాయగలదు కాబట్టి ఒక విలువని చెక్ చేసి, మళ్ళీ అక్కడినుంచే చదివి వాడకూడదు, ఒక్కసారి లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చుకుని దాన్నే చెక్ చేసి దాన్నే వాడాలి.

ఈవెంట్‌ఎఫ్‌డీ అయితే తలుపు కొట్టడం లాంటిది, అందులో 8 బైట్ల కౌంటర్ ఒక్కటే, మెసేజ్ ఏమీ ఉండదు. డేటా ఎంమ్యాప్‌లో ఉంది, ప్రోగ్రామ్‌ని లేపడం మాత్రమే కావాలి అన్నప్పుడు చక్కగా సరిపోతుంది. 6.8లో ఈవెంట్‌ఎఫ్‌డీ సిగ్నల్ ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు మారాయి, పాత కోడ్ తెచ్చుకుంటే అక్కడ సరిచేసుకోవాలి. మామూలు సిగ్నల్ పంపే పద్ధతి కూడా చాలా చోట్ల రాసి ఉంటుంది, దాని జోలికి పోకండి, ఒకే సిగ్నల్ రెండుసార్లు వస్తే కలిసిపోయి ఒకటే అందుతుంది.

ఇవన్నీ ఒకదాన్ని తీసుకుంటే ఇంకోటి వదిలేయాలని కాదు. కేవీఎం (కెర్నల్లోనే ఉన్న వర్చువల్ మెషిన్ ఏర్పాటు) చూడండి: ఆర్డర్లన్నీ ఐఓసీటీఎల్‌తో, వీసీపీయూ (వర్చువల్ సీపీయూ) ఎందుకు బయటికి వచ్చిందో చెప్పే వివరాలు ఎంమ్యాప్ చేసిన స్ట్రక్ట్‌లో, ఇంటరప్ట్‌లు ఈవెంట్‌ఎఫ్‌డీ మీద. ఒక్కో పనికి సరిపోయింది ఒక్కోటి. మామూలు డ్రైవర్‌కి నేను ఇప్పుడు పెట్టుకునే సెట్ ఇది: ఒకే డివైస్ ఫైల్, ఆర్డర్లకి ఐఓసీటీఎల్, ఈవెంట్లకి రీడ్, పోల్, నాలుగు సెట్టింగులు సిస్‌ఎఫ్‌ఎస్‌లో, నా సొంత కౌంటర్లు డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో. డివైస్ ఫైల్ పర్మిషన్ 0600తో మొదలుపెట్టి, అవసరమైన గ్రూప్‌కి యూడెవ్ రూల్‌తో తెరుస్తా. ఫైల్ ఆపరేషన్స్‌లో ఓనర్ ఫీల్డ్ నింపడం మర్చిపోవద్దు, అది ఉంటే ఎవరైనా ఫైల్ ఓపెన్ చేసి ఉండగా ఆర్ఎంమాడ్ కొట్టినా కెర్నల్ ఒప్పుకోదు.

ఏది ఎంచుకున్నా సైట్‌కి పంపేముందు ఒక టెస్ట్ చేయండి, దీనికి పది నిమిషాలు చాలు. ఈవెంట్లు ఫుల్ స్పీడ్‌లో వస్తుండగా చదివే ప్రోగ్రామ్‌కి స్టాప్ సిగ్నల్ పంపి ఒక నిమిషం ఆపండి, తర్వాత కంటిన్యూ సిగ్నల్ ఇవ్వండి. లేచాక ఎన్ని రికార్డులు పోయాయో ప్రోగ్రామ్ చెప్పే అంకె, మాడ్యూల్ కౌంటర్‌లో ఉన్న అంకె ఒకటే ఉండాలి. తర్వాత అదే ప్రోగ్రామ్‌ని మైనస్ 9తో చంపి, మళ్ళీ స్టార్ట్ చేసి, మొదటి రికార్డ్ వరుస నంబర్ చూడండి.